ఇరవై ఒక్క రోజుల దురద

నా ల్యాబులో చేరే పిల్లలు మొదటి నెల తిరక్కముందే నన్ను తిట్టుకుంటారు. నా ముందు కాదులెండి, క్యాంటీన్లో. వాళ్ళ తప్పు కూడా కాదు. పీహెచ్‌డీ అంటే చల్లటి గదిలో తెల్ల కోటు వేసుకుని మైక్రోస్కోపు ముందు కూర్చోవడమని అనుకుని వస్తారు. నేనేమో చేతిలో నల్ల కాగితాల కట్ట పెట్టి అత్వెల్లికో, గుండ్లపోచంపల్లికో బస్సెక్కిస్తాను. తామర ఉన్న మనుషులను వెతకాలి, వాళ్ళను బతిమాలి చర్మం డాక్టరు దగ్గరికి తీసుకురావాలి, ఆయన గీకిన పొట్టును నల్ల కాగితం మీద పట్టుకుని మడిచి ల్యాబుకు తేవాలి. తెల్లటి పొట్టు కనబడాలంటే కాగితం నల్లగా ఉండాలి మరి. "ఫ్రీజర్లో బోలెడన్ని శాంపిళ్ళు ఉన్నాయి కదా మేడం" అంటారు. ఉన్నాయి. అయినా వెళ్ళాల్సిందే. ఈ విషయంలో నేను మొండిదాన్నని డిపార్ట్‌మెంటంతా చెప్పుకుంటుంది. ఆ పేరంటే నాకు ఇష్టమే.

నా చదువంతా తామర మీద. తామర తెచ్చే బూజు మీద, ఆ బూజును మన ఒంట్లోని కాపలా కణాలు ఎలా ఎదుర్కొంటాయి, ఎందుకు ఓడిపోతాయి అన్నదాని మీద. చుట్టాల పెళ్ళిళ్ళలో ఎవరైనా ఏం చదివావని అడిగితే మొదట్లో ఇంగ్లీషు పేరు చెప్పి తప్పించుకునేదాన్ని. ఒకసారి మా మేనత్త వదలకుండా గుచ్చి గుచ్చి అడిగి, అసలు సంగతి తెలుసుకుని, గిన్నేండ్లు సదివి తామర మీదనా అని ముక్కున వేలేసుకుంది. క్యాన్సరైతే ఆమెకు గౌరవంగా ఉండేదేమో. తామరతో ప్రాణం పోదు. కానీ నలుగురిలో కూర్చోలేరు, నిద్ర పోలేరు, చొక్కా విప్పలేరు. ఎవరికీ చెప్పుకోలేరు కాబట్టే అది ఇంటింటా ఉన్నా ఎక్కడా లేనట్టే కనిపిస్తుంది.

మాది శామీర్‌పేట. నాయిన చెరువులో చేపలు పట్టేవాడు. థర్మాకోలు తెప్ప మీద తెల్లారకముందే చెరువులోకి దిగితే, పొద్దెక్కాక నడుము దాకా తడిసిన లుంగీతో ఒడ్డుకొచ్చేవాడు. అమ్మ ఆ చేపలను గంపకెత్తుకుని మేడ్చల్ మార్కెట్టుకు పోయేది. మా ఇంట్లో డిగ్రీ దాటింది నేనే. మైక్రోబయాలజీలో ఎందుకు చేరావని ఇంటర్వ్యూల్లో అడిగితే పెద్ద పెద్ద మాటలు చెప్పాను గానీ, నిజానికి ఆ కాలేజీలో అదొక్కటే సీటు మిగిలింది. చేరాక మాత్రం దాని మీద మనసు పడిపోయింది. అగర్ ప్లేటు మీద, అంటే బూజుకు మేత పోసి గడ్డకట్టించిన గాజు మూకుడు మీద, ఏమీ లేనిచోట వారం తిరిగేసరికి ఒక ఊరు వెలిసినట్టు బూజు లేస్తుంటే, రోజూ పొద్దున్నే దాని మొహం చూడందే నాకు తోచేది కాదు. ఎమ్మెస్సీ అయ్యాక నగరంలోని యూనివర్సిటీలో పీహెచ్‌డీ దొరికింది. రోజూ కరీంనగర్ రోడ్డు మీద బస్సులో నిలబడి పోయి, నిలబడి వచ్చేదాన్ని.

పని చెప్పుకోవడానికి తేలికే. బూజు విత్తనాలను, అంటే దాని మీద ఏర్పడే సన్నటి కణాలను, మనిషి రక్తంలోని తెల్ల కణాలతో కలిపి ఒక గొట్టంలో ఉంచాలి. కొన్ని గంటల తర్వాత ఎన్ని బతికాయో లెక్కపెట్టాలి. రక్తం ఎక్కడినుంచో రాదు, మేమే వంతులవారీగా చేతులు చాపేవాళ్ళం. రెండేళ్ళు అదే పని చేశాను. పద్ధతి కుదరడానికే మొదటి ఏడాది పట్టింది, కుదిరాక ప్రతిసారీ ఒకే ఫలితం వచ్చింది. మన తెల్ల కణాలు ఆ బూజును ఇట్టే మింగి పారేస్తున్నాయి. అంటే ఆరోగ్యంగా ఉన్న మనిషి రక్తానికి తామర ఒక లెక్కలోనిది కాదన్నమాట. మా గైడ్ మేడం సామాన్యంగా ఎవరినీ మెచ్చుకోదు, ఆమె కూడా నా గ్రాఫులు చూసి కళ్ళద్దాలు తీసి తుడుచుకుని మళ్ళీ చూసింది. ఒక సదస్సులో నా పోస్టరుకు బహుమతి వచ్చింది. వ్యాసం రాసి ఒక పత్రికకు పంపాం. ఆ రోజుల్లో నా నడకే మారిపోయిందని నా తోటివాళ్ళు ఇప్పటికీ ఏడిపిస్తారు.

మా ల్యాబులో ఒక అటెండరన్న ఉండేవాడు. వయసులో నాయిన కంటే రెండు మూడేళ్ళు చిన్న. మేము పెంచే బూజుకు మేత కలిపేది, ప్లేట్లు పోసేది, పని అయిపోయాక వాటిని ఉడికించి పారబోసేది ఆయనే. మైక్రోస్కోపులో ఎప్పుడూ చూసి ఉండడు. కానీ మేం పైనుంచి చూసే ప్లేటును ఆయన కడిగేటప్పుడు కిందినుంచి చూసేవాడు. ఒకరోజు నా ప్లేట్లు సింకు దగ్గర పెట్టుకుని, తల ఎత్తకుండానే అన్నాడు.

"మేడం, గీ బూజు ఎనకటి లెక్క లేదు. మొదట్ల ఎనకదిక్కు గోధుమ రంగు ఉంటుండె. ఇప్పుడు తెల్లగ పత్తి లెక్క అయింది."

నాకు కోపం వచ్చింది. పత్రికకు పంపిన వ్యాసం మీద జవాబు కోసం రోజూ కాచుకుని కూర్చున్నదాన్ని, ప్లేట్లు కడిగే ఆయన వచ్చి నా బూజు బాగాలేదంటే ఊరుకుంటానా? మేత కలిపేటప్పుడు నువ్వే ఏదో తక్కువ వేసి ఉంటావని కసిరేశాను. ఆయన కుళాయి తిప్పి తన పని చూసుకున్నాడు.

ఆ మధ్యాహ్నం అన్నం తినబుద్ధి కాలేదు. పాత నోటుపుస్తకం తీసి, మొదటి ఏడాది అతికించుకున్న ఫొటోలు చూశాను. ప్లేటు వెనకవైపు గోధుమ రంగు స్పష్టంగా ఉంది. ఇప్పటి ప్లేటు పక్కన పెడితే రెండూ వేరే జాతులని ఎవరైనా అంటారు.

ఏం జరిగిందో అప్పుడు అర్థమైంది. మా దగ్గర మంచి ఫ్రీజరు లేదు. అందుకని నెలకోసారి పాత గొట్టంలోంచి కొంచెం బూజు తీసి కొత్త గొట్టంలో వేసేవాళ్ళం. అందరూ చేసే పనే. కానీ మనిషి చర్మం మీద పోరాడి బతకాల్సిన బూజుకు నేను రెండేళ్ళకు పైగా కూర్చోబెట్టి మేత పెట్టాను. దాన్ని కొట్టేవాళ్ళు లేరు, తరిమేవాళ్ళు లేరు. అది తన పౌరుషమంతా మరిచిపోయింది. అలాంటి సాధు జంతువును తీసుకెళ్ళి తెల్ల కణాల ముందు పడేసి, అవి మింగేశాయని నేను బహుమతి తెచ్చుకున్నాను.

గైడ్ మేడంకు చెప్పడానికి నాకు తొమ్మిది రోజులు పట్టింది. ఆ తొమ్మిది రోజులు తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. చెప్పాక ఆమె పాత ఫొటోనూ ఇప్పటి ప్లేటునూ పక్కపక్కన పెట్టి చూసింది. తర్వాత దారి చెప్పింది. ఈ ఊళ్ళలోనే మనుషుల మీదినుంచి తాజా బూజు తెచ్చి అవే ప్రయోగాలు మళ్ళీ చెయ్యాలి. అదే ఫలితం వస్తే వ్యాసం అలాగే ఉంటుంది. రాకపోతే వెనక్కి తీసుకోవాలి. వెనక్కి తీసుకోవడమంటే రెండేళ్ళ పని బుట్టలో పోయినట్టే, థీసిస్ మళ్ళీ మొదటికొచ్చినట్టే. నా బ్యాచ్‌వాళ్ళు అప్పటికే ఆఖరి అధ్యాయాలు రాసుకుంటున్నారు.

ఎథిక్స్ కమిటీ అనుమతి తీసుకుని ఊళ్ళ మీద పడ్డాను. తామర ఉన్నవాళ్ళకేం కొదవ లేదు. అత్వెల్లిలో పొలం పనికి పోయేవాళ్ళు, గుండ్లపోచంపల్లి గోదాముల్లో మూటలు మోసేవాళ్ళు, ఒక్కో గదిలో ఐదారుగురు కలిసి ఉండేవాళ్ళు. అందరి దగ్గరా ఒక ట్యూబు ఉండేది. మెడికల్ షాపులో అడిగితే చేతిలో పెట్టే ట్యూబు. అందులో బూజును చంపే మందు కొంచెం, స్టెరాయిడు మస్తుగా ఉంటుంది. రాసిన రెండో రోజుకే ఎరుపు పోతుంది, దురద తగ్గుతుంది, మనిషి హాయిగా నిద్రపోతాడు. అతనితోపాటు చర్మంలోని కాపలా కణాలు కూడా నిద్రపోతాయి. బూజు మాత్రం నిద్రపోదు, ట్యూబు అయిపోయేదాకా నక్కి ఉండి మళ్ళీ రెట్టింపు చోటు ఆక్రమిస్తుంది. ట్యూబులోని ఆ కొంచెం మందు ఇంకా అంటుకుని ఉన్న చర్మాన్ని గీకి తెస్తే నా ప్లేట్ల మీద ఏమీ మొలిచేది కాదు. పదమూడు మంది దగ్గర తెచ్చాను, పదమూడూ ఖాళీ.

బూజు మొలవాలంటే మూడు వారాలు ఆ ట్యూబు ముట్టుకోకూడదు. స్టెరాయిడు ఒక్కసారి ఆపితే అణిగి ఉన్న దురదంతా ఎగదన్నుకొస్తుంది. అందుకే ఎవరూ ఒప్పుకోలేదు. గోదాములో ఒకాయన నన్ను ఎగాదిగా చూసి, ఇరవై ఒక్క దినాలు నువ్వు గోక్కుంట కూసుంటవా అని అడిగాడు. నల్ల కాగితాలు సంచిలో పెట్టుకుని బస్సెక్కాను.

ఆ సాయంత్రం ఇంటికొచ్చి అన్నం ముందు కూర్చుని అందరినీ తిట్టాను. ట్యూబు అమ్మేవాళ్ళను, రాసేవాళ్ళను, దాచుకునేవాళ్ళను. చదువుకోనివాళ్ళకు చెప్పి లాభం లేదన్నాను. ఆ మాట అన్నందుకు తర్వాత నన్ను నేను చాలాసార్లు తిట్టుకున్నాను. నాయిన గడప దగ్గర వల బాగుచేసుకుంటూ విన్నాడు. మధ్యలో ఒక్కసారి, మూడు వారాలంటే ఎన్ని దినాలని అడిగాడు. ఇరవై ఒకటి అని విసుక్కున్నాను.

మర్నాడు నేను బస్సుకు బయల్దేరుతుంటే రోడ్డు దాకా వెంట వచ్చాడు. ఎప్పుడూ రాడు. బస్సు దూరంగా కనబడ్డాక, అటే చూస్తూ అన్నాడు.

"నేను ఆపుత బిడ్డా. గా ట్యూబు."

 అప్పుడు నాకు అంతా ఒకేసారి తట్టింది. ఎండాకాలంలో కూడా బనీను విప్పడం మానేశాడు. స్నానం చేసి తువ్వాలు ఛాతీ దాకా కట్టుకుని వచ్చేవాడు. కూర్చున్నప్పుడు నడుము గోడకు రాసుకునేవాడు. తామర మీద పీహెచ్‌డీ చేస్తున్న నేను, ఊరూరా తిరిగి తామర వెతుకుతున్న నేను, మా ఇంట్లో నాయిన నడుము చుట్టూ ఉన్నదాన్ని రెండేళ్ళుగా చూడలేదు. ఆ బస్సు ఎక్కలేదు. ఇద్దరం రోడ్డు పక్కన నిలబడ్డాం. అమ్మకు చెప్పకు అని మాత్రం అన్నాడు. అమ్మకు లుంగీలు ఉతికేటప్పుడే తెలుసని, ఆయన బాధపడతాడని ఊరుకుందని నాకు తర్వాత తెలిసింది.

అనుమతి పత్రం తెచ్చి ముందు పెట్టి, ఎప్పుడు కావాలంటే అప్పుడు మానుకోవచ్చని అందరికీ చెప్పినట్టే చెప్పాను. సంతకం పెట్టాడు. నా జాబితాలో పద్నాలుగో నంబరు అయ్యాడు.

ఆ మూడు వారాలు ఎలా గడిచాయో ఆయనకే తెలియాలి. ఐదో రోజుకు నడుమంతా ఎర్రగా పొంగింది. తడి లుంగీ తగిలితే మంట. అయినా చెరువుకు పోవడం మానలేదు, ఇంట్లో కూర్చుంటే దురదే గుర్తొస్తదనేవాడు. గోకితే పుండ్లవుతాయని నేను చెప్పానని అరచేత్తో చరుచుకునేవాడు. పడుకోలేక గోడకు ఒరిగి కూర్చుని కునుకు తీసేవాడు. పదకొండో రోజున నేనే తట్టుకోలేకపోయాను. ఇంక చాలు, నా చదువు ఎటైనా పోనీ, మంచి మందు నేనే తెస్తాను, రాసుకోమన్నాను. ఆయనకు కోపం వచ్చింది. నా మీద అంతగా కోపం చేసుకోవడం నేను చూడటం అదే మొదలు.

"పదకొండు దినాలు ఓర్సుకున్న. ఇప్పుడు రాస్తే గవన్నీ ఉత్తగనే పాయె. నీ పని నువ్వు జేస్కో, నా పని నన్ను జెయ్యనియ్యి."

ఇరవై రెండో రోజు సర్కారు దవాఖానాలో చర్మం డాక్టరు గీకాడు. పొట్టు పట్టుకోవడానికి నల్ల కాగితం నేనే పట్టుకున్నాను. నాయిన గోడ వంక చూశాడు, నేను కాగితం వంక చూశాను. గీకడం అయిన వెంటనే డాక్టరు సరైన మందు రాసిచ్చాడు. రెండు నెలలకు చర్మం నున్నగా అయింది. మళ్ళీ రాలేదు.

పద్నాలుగో నంబరు ప్లేటు మీద పదో రోజున బూజు లేచింది. మరో నాలుగు రోజులకు అటెండరన్న దాన్ని నా చేతిలోంచి తీసుకుని వెనక్కి తిప్పి కిటికీ వెలుగులో పట్టాడు. గోధుమ రంగు. ఇగ ఇది అసలుది అన్నాడు. ఆ రోజు ఆయనకు క్షమాపణ చెప్పాను. ఆలస్యంగానైనా చెప్పాను.

అదే గొట్టం, అవే గంటలు, మా చేతుల్లోంచి తీసిన అదే రక్తం. తెల్ల కణాలు చుట్టుముట్టాయి గానీ మింగలేకపోయాయి. నాలుగుసార్లు చేశాను, నాలుగుసార్లూ బూజే గెలిచింది. మా వ్యాసం తప్పు. మేడం నా ముందే పత్రికకు ఉత్తరం రాసి వెనక్కి తీసుకుంది. నా థీసిస్ ఏడాదిన్నర వెనక్కి పోయింది. ఆ ఏడాదిన్నరలో ఆ బూజు మన కణాల కళ్ళుగప్పడానికి తన ఒంటి మీద ఏం కప్పుకుంటుందో కనుక్కున్నాను. నాకు ఉద్యోగం తెచ్చింది ఆ పనే, ఈ రోజు నా ల్యాబు నిలబడి ఉన్నదీ దాని మీదే. కానీ నేను ఎక్కువ గర్వపడేది థీసిస్‌లోని రెండో అధ్యాయానికి. నా తప్పంతా, తేదీలతో, రెండు రంగుల ఫొటోలతో, దాన్ని మొదట కనిపెట్టింది మా అటెండరన్న అన్న మాటతో సహా అందులో రాసి పెట్టాను. తీసెయ్యమని సలహా ఇచ్చినవాళ్ళు ఉన్నారు. తీయలేదు.

అంత నిజాయితీపరురాలిననుకునే నేను ఒక్క సంగతి మాత్రం ఎవరికీ చెప్పలేదు. పద్నాలుగో నంబరు ఎవరో మేడంకూ, ఆ డాక్టరుకూ తప్ప తెలియదు. పేషెంటు పేరు బయటపెట్టకూడదన్నది నియమం. అది మంచి నియమమే. కానీ నేను దాని చాటున దాక్కున్నాను. మా నాయినకు తామర ఉందని నలుగురిలో చెప్పడానికి నాకు సిగ్గేసింది, అంతే. ఊళ్ళో జనానికి సిగ్గు పడొద్దని చెప్పి తిరిగిన మనిషిని నేను.

వైవా రోజున నాయిన వచ్చాడు. అమ్మ మార్కెట్లో చేపలు అమ్ముడుపోయాక వస్తానంది. ఎవరైనా వచ్చి వినవచ్చు కాబట్టి హాలు నిండా విద్యార్థులు, ప్రొఫెసర్లు. నాయిన ఇస్త్రీ చొక్కా వేసుకుని చివరి వరసలో అటెండరన్న పక్కన కూర్చున్నాడు. బయటినుంచి వచ్చిన పరీక్షకుడు మనవాడే, వరంగల్ వైపు మనిషి, కానీ వైవా అంతా ఇంగ్లీషులోనే నడిచింది. ఆయన రెండో అధ్యాయం మీదే గంటసేపు నన్ను తిప్పలు పెట్టాడు. చివరికి థీసిస్ మూసి, ఇంకొక్కటి అడిగాడు. ఈ మొత్తం పని ఒక్క మనిషి మీద ఆధారపడి ఉంది, ట్వంటీ వన్ డేస్ ఆ మనిషి మందు లేకుండా ఎలా ఉన్నాడు, ఎందుకు ఉన్నాడు?

నియమం ప్రకారం వివరాలు చెప్పలేనని మొదలుపెట్టాను. వెనక వరసలో అటెండరన్న ఆ ప్రశ్నను నాయినకు గుసగుసగా తెలుగులో చెప్పడం కనిపించింది. నాయిన లేచి నిలబడ్డాడు.

"గది నేనే సారూ."

హాలంతా వెనక్కి తిరిగింది. పరీక్షకుడు కుర్చీలోంచి సగం లేచి, తెలుగులో, ఎట్ల ఓర్చుకున్నరు పెద్దాయనా అని అడిగాడు.  నాయిన అందరి ముందూ చొక్కా మీదినుంచే నడుము మీద చెయ్యి వేసుకున్నాడు.

"గీ పిల్ల ఐదేండ్ల సంది తండ్లాడుతాంది సారూ. నావి ఇరవై ఒక్క దినాలే గద."

నేను తన బిడ్డనని మాత్రం ఆయన చెప్పుకోలేదు. గీ పిల్ల అన్నాడు, అంతే. నాకు ఇబ్బంది అవుతుందని అలా అన్నాడని ఆ హాల్లో నాకొక్కదానికే తెలుసు. పరీక్షకుడు నా వైపు తిరిగి, ఈయన మీకు ముందే తెలుసా అని అడిగాడు.

పేషెంటు పేరు చెప్పకూడదు. పేరు నేను చెప్పలేదు. మైకు దగ్గరికి జరిగి, వెనక వరస దాకా వినబడేలా, "మా నాయిన సర్" అన్నాను.